కఫం పరీక్ష – నాలుగు మాటలు



నేను డాక్టరును కాను. సర్వీసంతా ఫైళ్లు చూసిన గుమాస్తాను. సరైన ఎన్‌క్లోజరు లేని అర్జీ వెనక్కి వస్తుంది. కఫం పరీక్షా అంతే. డబ్బాలో ఉమ్ము వేసి ఇస్తే, జబ్బు ఉన్నా పట్టుబడకపోవచ్చు.

రెండు వారాలు దాటిన దగ్గును “వయసు దగ్గు” అని దాచుకోవద్దు. అది క్షయ కావచ్చు. ఆ క్రిమిని 1882లో రాబర్ట్ కాక్ లోకానికి చూపాడు. న్యుమోనియాకు న్యుమోకాకస్ అనే బాక్టీరియా ఒక ముఖ్య కారణం. మన వయసులో అది పెద్ద జ్వరం లేకుండానే, మగతతోనో తికమకతోనో బయటపడవచ్చు.

కఫం ఇచ్చేటప్పుడు, పొద్దున లేవగానే, ఏమీ తినకముందే మంచినీళ్లతో నోరు పుక్కిలించండి. ఆరుబయట, మనుషులకు దూరంగా నిలబడి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ము లోతునుంచి దగ్గి, చిక్కని కఫాన్ని డబ్బాలో వేయండి. మూత బిగించి, పేరు సరిచూసుకుని, ఆలస్యం లేకుండా ల్యాబుకు చేర్చండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే ఇవ్వడం మంచిది. ఆయాసం ఎక్కువైతే మాత్రం పరీక్ష కోసం ఆగక ఆసుపత్రికి వెళ్లండి.

క్షయకు ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. మనవలు మన పక్కలోనే పడుకుంటారు. వారి కోసమైనా దగ్గు దాచకండి.

సెలవు.