గురువుల సహవాసము: లయోలా కళాశాల మన సంఘమునకు నేర్పు పాఠము

(వార్షిక మహాసభయందు విద్యావిషయమున చేసిన ప్రసంగము)



ఈ మహాసభయందు విద్యనుగూర్చి కొన్ని మాటలు చెప్పుడని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. వారి యాదరమునకు కృతజ్ఞులము. మన సంఘసభలలో విద్యావిషయమున ప్రసంగించువారికి రెండు మాటలు కంఠస్థములై యుండును. వసతిగృహములు కట్టవలయుననుట యొకటి. విద్యార్థివేతనములు పెంచవలయుననుట రెండవది. ఈ రెండును మంచిమాటలే. దాతలు విని ధనమిచ్చుచునే యున్నారు. కాని కట్టిన యింటిలో బాలురతో కలసి కాపురముండు పెద్ద యెవరను ప్రశ్న మన వార్షికనివేదికలలో నెచ్చటను కానరాదు. నేడు ఆ ప్రశ్ననే సభవారి ముందుంచ దలచితిమి. అందులకు దృష్టాంతముగా కులసంఘములకు వెలుపలిదైన యొక కథోలిక కళాశాలను గైకొనుచున్నాము. మంచి యెచ్చటనున్నను గ్రహింపవలయుననుట మన పెద్దల మర్యాదయే గదా!

చెన్నపట్టణమున నుంగంబాకమునందలి లయోలా కళాశాల పేరు వినని తెలుగువారరుదు. ఆంధ్రరాష్ట్రము 1953 లో నేర్పడుటకు పూర్వము, ఉన్నతవిద్య గోరి చెన్నపట్టణము చేరిన మన సీమల పిల్లలు పలువు రచ్చట చదివిరి. యేసుసభకు చెందిన గురువులు దానిని 1925 లో స్థాపించిరి. ఫ్రాన్సు దేశీయులగు ఫ్రాన్సిస్ బెర్ట్రాం గారు దానికి మూలపురుషులు. గణితము, చరిత్రము, అర్థశాస్త్రము అను మూడు శాఖలతో, 75 గురు విద్యార్థులతో అది యారంభమాయెను. ఆంధ్రరాష్ట్ర మవతరించిన యేడాదియందే, 1953 డిసెంబరులో, ఆ సభవారే విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాలను నెలకొల్పిరి. ఈ రెండు విద్యాలయముల పేరుప్రతిష్ఠలు మీరెరిగినవే. మేము చెప్పబోవునది వాని పరీక్షాఫలితములనుగూర్చి కాదు; అచ్చట బోధించినవా రెవరు, ఎట్లు కలసి జీవించిరి అను విషయమునుగూర్చి మాత్రమే.

మొదట ఆ గురువుల పూర్వోత్తరములు చూతము. యేసుసభ 1540 లో పోపుగారి యనుమతిని పొందిన సన్న్యాసిసంఘము. దాని మూలపురుషుడైన లయోలా ఇగ్నేషియసు స్పెయినుదేశమున సైనికుడుగా నుండి, యుద్ధమున గాయపడి, శయ్యపైనుండి గ్రంథములు చదివి మనసు మార్చుకొనినవాడు. ముప్పదియేండ్లు దాటిన పిదప చిన్నపిల్లల సరసన గూర్చుండి లాటిను నేర్చెనట! ఇట్టివాడు స్థాపించిన సభ చదువునకు పెద్దపీట వేయుటలో వింతలేదు. ఆ సభలో చేరదలచిన యువకునకు వెంటనే గురుత్వము లభింపదు. మొదటి రెండేండ్లు ప్రార్థనయు, సేవయు, గృహకృత్యములును. అటుపిమ్మట దారిద్ర్యము, బ్రహ్మచర్యము, విధేయత యను మూడు వ్రతములు. ఆపై సాహిత్యము, తత్త్వశాస్త్రము. నడుమ కొంతకాల మేదో యొక విద్యాలయమున బోధనాభ్యాసము. తుదకు వేదాంతశాస్త్రము. గురుపట్ట మందునప్పటికి సామాన్యముగా పది సంవత్సరములకు పైగా గడచును. ఇదిగాక తాను బోధింపదలచిన శాస్త్రమున విశ్వవిద్యాలయపట్టమును వేరుగా సంపాదింపవలయును. మనము ఇరువదిరెండేండ్ల పట్టభద్రుని చేత తాళపుచెవులగుత్తి పెట్టి, నేటినుండి నీవే వసతిగృహాధికారివనుచున్నాము. భేద మెంతయో గమనింపుడు.

ఇక వారు పుట్టిన చోట్లు. బెర్ట్రాం గారు ఫ్రెంచివారని చెప్పితిమి. 1942 నుండి 1950 వరకు ఆ కళాశాలకు నాయకత్వము వహించిన జెరోం డిసౌజా గారు మంగళూరున 1897 లో జన్మించినవారు. వారు భారత రాజ్యాంగసభలో సభ్యులు. ఐక్యరాజ్యసమితికి వెళ్లిన మన ప్రతినిధివర్గములలోను పాల్గొనిరి. గణితాచార్యులగు చార్లెస్ రసీన్ గారు ఫ్రాన్సున 1897 లోనే జన్మించి, పారిసులో ప్రఖ్యాత గణితవేత్త ఎలీ కార్టాను కడ పరిశోధనచేసి డాక్టరుపట్టమంది, 1937 లో ఇండియాకు వచ్చిరి. మొదట తిరుచిరాపల్లి సెయింట్ జోసెఫ్సు కళాశాలలోను, రెండేండ్లకు లయోలాలోను బోధకులైరి. ఇట్లు వేరువేరు దేశములవారు, వేరువేరు భాషలవారు, కలిమియింట పుట్టినవారు, లేమియింట పుట్టినవారు ఒక కప్పు క్రిందికి చేరిరి.

కలసియుండుట యనగా నేమి? దీనిని కొంచెము వివరింపవలయును. ఆ సభాగురువు కళాశాలలో పొందు జీతము ఆయన చేతికి రాదు, మఠమునకు చేరును. అందరి సంపాదనయు ఒకే బొక్కసము. ఆచార్యునకును, వంటశాల చూచుకొను సోదరునకును ఒకే భోజనశాల. ఎవరి యక్కరనుబట్టి వారికి బట్టలు, పుస్తకములు, మందులు లభించును. దినమునకు రెండుమారులు ప్రతివాడును తన నడవడిని తానే విమర్శించుకొనుట వారి నియమము. మఠాధికారి పదవి సాధారణముగా ఆరేండ్లు. గడువు తీరిన నాడు నిన్నటి యధికారి నేడు సామాన్యసభ్యుడై, నిన్న తన యాజ్ఞకు లోబడినవాని యాజ్ఞకు తాను లోబడును. మన సంఘములలో కార్యదర్శిపద మొకమారు చేతికందిన పిదప దిగుట యెంత దుర్ఘటమో, దిగినవా రా పిమ్మట సభకే రాకుండుట యెంత సహజమో ఈ సభలోనివారికి మేము చెప్పనక్కరలేదు.

దీనివలన విద్యార్థికి కలిగిన లాభమేమి? రసీన్ గారి యుదాహరణమే చాలును. ఆయన తరగతిపాఠము సులభగ్రాహ్యముగా నుండెడిది కాదని శిష్యులే చెప్పియున్నారు. పరీక్షకు పనికివచ్చు బోధనయే గురుత్వమైనచో ఆయన పేరు నేటి కెవరికిని జ్ఞాపకముండదు. కాని ఆయన ఐరోపాలో నానాడు కొత్తగా పుట్టుచున్న గణితమును ఎరిగినవారు. ఆ గణితము నిర్మించువారికి మిత్రులు. ఆసక్తిగల పిల్లవానికి ఏ పుస్తకము చదువవలయునో, ఎచ్చటికి పోవలయునో చెప్పి, పాతత్రోవనుండి క్రొత్తత్రోవకు మరల్చిరి. ఉత్తరార్కాటు మండలమున తండరై యను పల్లెలో వ్యవసాయకుటుంబమున పుట్టిన ఎం.ఎస్. నరసింహన్ గారును, సి.ఎస్. శేషాద్రి గారును అచ్చట ఆయన శిష్యులు. వారిరువురును 1953 లో బొంబాయి టాటా పరిశోధనసంస్థలో చేరిరి. 1965 లో వారు ప్రకటించిన సిద్ధాంతము వారిరువురి పేర లోకమంతట ప్రసిద్ధమైనది.

మన సీమకు సంబంధించిన ఫలమింకొకటి కలదు. ఎస్. మీనాక్షిసుందరం గారు లయోలాలో చదివినవారు. రసీన్ గారి ప్రోత్సాహమున పరిశోధన క్రొత్తదారి పట్టించినవారు. వారు వాల్తేరులోని మన ఆంధ్రవిశ్వకళాపరిషత్తున అధ్యాపకులై, స్వీడను పండితుడు ప్లేయెల్ గారితో కలసి 1949 లో ప్రకటించిన వ్యాసము నేటికిని గణితజ్ఞుల కాకరము. పారిసున వెలిగించిన దీపము నుంగంబాకమున నొక వత్తిని, ఆ వత్తి వాల్తేరున మరియొక వత్తిని వెలిగించిన దన్నమాట. ఈ వెలుగునకు మూలము భవనమా? కాదు. జీవితమంతయు అచ్చటనే గడుపుటకు వచ్చిన యొక మనుష్యుడు.

ఇచ్చట కొన్ని యాక్షేపణలు పుట్టును. వానిని దాటవేయుట మా యభిమతము కాదు.

వారు సన్న్యాసులు, మనము గృహస్థులము. పోలిక యెట్లు కుదురునని కొందరందురు. నిజమే. అయితే ఆ కళాశాలలయందును నేడు బోధించువారిలో అధికసంఖ్యాకులు గృహస్థులే; నానామతములవారు, స్త్రీలును పురుషులును. సన్న్యాసుల సంఖ్య తగ్గినకొలదియు ఆ సహవాసగుణమును గృహస్థులైన యధ్యాపకులకు సంక్రమింపజేయుటెట్లను సమస్య వారిని కూడ బాధించుచునే యున్నది. కనుక ఇది మనయొక్కరి కష్టము కాదు. సన్న్యాసము లేకున్నను సాన్నిహిత్య ముండవచ్చును.

వారు మతముకొరకు చేసిరి గదా యని మరికొందరందురు. తమ విశ్వాసమే వారినంత దూరము నడిపించినదనుటలో సందేహము లేదు. వారును దానిని దాచలేదు. కాని మీదచెప్పిన శిష్యులు తమ మతమున తామే యుండి విద్య గడించిరి. విశ్వాసము వారిది, విద్య యందరిది.

కులభేదము వారిలో లేదా యని ఇంకొక యాక్షేపణ. లేదని మేమనము. 2016 లో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య దళితులనుగూర్చి ప్రకటించిన విధానపత్రమునందు, తమ సంఘములో అస్పృశ్యతయు వివక్షయు నున్నవని స్వయముగా నొప్పుకొనినది. ఒకే బల్లయొద్ద భుజింపవలయునను నియమముగలవారి సంఘమునందే ఆ చీడ యింతకాలము నిలిచినచో, అట్టి నియమమైనను లేని మనమెంత మెలకువతో నుండవలయునో యోచింపుడు.

బాలికల విషయమునను ఈ మార్గమే కానవచ్చుచున్నది. చెన్నపట్టణమున 1947 లో స్టెల్లా మారిస్ కళాశాలను, విజయవాడలో 1962 లో మారిస్ స్టెల్లా కళాశాలను ఫ్రాన్సిస్కను సన్న్యాసినులు స్త్రీలకొరకు స్థాపించిరి. అచ్చటను మూలబలము కలసి జీవించు బోధకురాండ్ర సంఘమే.

మన కులసంఘముల చరిత్రయందును ఇట్టి వెలుగు లేకపోలేదు. హైదరాబాదున 1918 లో వెలసిన రెడ్డి వసతిగృహమును తలచుకొనుడు. రాజబహద్దూరు వేంకటరామారెడ్డి గారు దానిని పెంచిరి. సురవరము ప్రతాపరెడ్డి గారివంటి పండితులు కొంతకాలము దాని నిర్వహణభారము వహించిరి. 1926 లో గోలకొండ పత్రికను స్థాపించినది ఆ ప్రతాపరెడ్డి గారే. అట్టివారి నీడను పెరిగిన బాలునకు పుస్తకమనిన నేమో, ప్రజాసేవ యనిన నేమో ఒకరు చెప్పవలసిన పనిలేదు. దినదినమును కన్నులార చూచెడివాడు. పిమ్మట మన సంఘములు పెరిగినవి, కట్టడములు పెరిగినవి. ఆ పండితుని గది మాత్రము కార్యాలయపు గదిగా మారినది.

కావున ఈ మహాసభవారికి మూడు మనవులు చేయుచున్నాము.

ఒకటి: మన ప్రతి వసతిగృహమునందును విద్వాంసుడైన యొక నివాసగురువును నియమింపవలయును. ఆయనకు కళాశాలాధ్యాపకునకు తీసిపోని జీతమును, సకుటుంబముగా నుండుటకు తగిన యిల్లును ఈయవలయును. దినమున కొకపూటయైన ఆయన పిల్లల పంక్తిని భుజింపవలయును. దీనికగు ధనమునకై క్రొత్త సభామందిరపు నిర్మాణము కొన్నియేండ్లు వెనుకబడినను నష్టములేదు.

రెండు: మన నిధినుండి వేతనమందిన వారిలో వైద్యుడైనవానిని, విదేశమేగినవానిని మనము పూలమాలలతో గౌరవించుచున్నాము. బడిపంతులైనవానిని పిలుచుటయే లేదు. ఉపాధ్యాయవృత్తి నెంచుకొను యువతీయువకులకు ప్రత్యేకవేతనము లేర్పరుపవలయును.

మూడు: ఇది కొందరికి రుచింపదని యెరిగియే చెప్పుచున్నాము. మన వసతిగృహములలో పదింట రెండు స్థానములు ఇతరకులముల పేదపిల్లలకు, ముఖ్యముగా దళితుల పిల్లలకు ఈయవలయును. ఈయుట యనగా వేరుగదియు వేరుపంక్తియు కాదు. అదే గది, అదే పంక్తి. మన తాతలు కూడబెట్టినది పరులకేల యని యడుగవచ్చును. పరుల పిల్లలకొరకు సముద్రములు దాటి వచ్చి, తమ జీతము తాము ముట్టక, తుదకు ఈ మట్టిలోనే కలసిపోయిన గురువుల వలన మన దేశము లాభపడినది. ఆ ఋణమును వారికి తీర్చజాలము. మరియొకరి పిల్లలకు తీర్పవచ్చును. తనవారిని మాత్రమే పోషించు సంఘము కుటుంబమంతటిది. పొరుగువారిని చేరదీయు సంఘము ఊరంతటిది.

దాతలారా! మీ పేరు చలువరాతిపై చెక్కించుట సులభము. ఆ రాతిని వత్సరమున కొకమారైన చదువువారరుదు. మీరు నిలిపిన గురువు చేతిలో పెరిగిన బాలుడు మీ పేరెరుగకపోవచ్చును. కాని మీ ధనము వానియందు జీవించియుండును. ఈ మూడు మనవులను తీర్మానములుగా గైకొని, వచ్చు మహాసభనాటికి ఒక్క వసతిగృహమునందైన నివాసగురువును నిలిపి చూపుదురని నమ్ముచున్నాము.