వయసు మీఱిన మోటారుబండి



నేటి నా ప్రసంగవిషయము పాత మోటారుబండి సంరక్షణము. జీవితమంతయు పిల్లలకు సంధులును సమాసములును చెప్పినవానికి యంత్రములతో నేమి పనియని మీలో కొందఱు తలపవచ్చును. మా యింటి కొట్టములో నొక అంబాసిడరు కారున్నది. అది 1988వ సంవత్సరపుది. నేను కొనునాటికే ఇద్దఱి చేతులు మాఱినది. దాని దూరపు మీటరునకు అంకెలు ఐదే యగుటచే, 99,999 కిలోమీటరులు నిండినంతనే మరల సున్నలు చూపును. నా చేతిలోనే అది రెండు మాఱులు సున్నకు వచ్చినది. మా తండ్రిగారి ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టుచు పెరిగినవాడ నగుటచే, తిరుగు వస్తువు నెట్లు చూచుకొనవలయునో నాకు చిన్ననాడే కొంత పట్టుబడినది.

మన పల్లెలలో పెండ్లిండ్లకును ఆసుపత్రులకును తిరిగిన కార్లలో పెక్కు ఈ జాతివే. దీనికి మూలము ఇంగ్లండు దేశపు మారిసు ఆక్సుఫర్డు మూడవ శ్రేణి కారు. హిందూస్థాన్ మోటార్సువారు కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో దీనిని 1957-58 ప్రాంతమున మొదలుపెట్టి 2014వ సంవత్సరము మే నెలవఱకు చేసిరి. నడుమ ఇంజనులు మాఱినవి, ముందరి జాలీలు మాఱినవి. ఆకారము మాత్రము అంతగా మాఱలేదు. చేయుట మానిన వస్తువు గనుక నేడున్న అంబాసిడరులన్నియు ముసలివే. 2005వ సంవత్సరమునుండి 108 అంబులెన్సులు పల్లెలకు వచ్చుచున్నను, వాగు పొంగిననాడును, ఆ బండి వేఱొక యూరికి పోయిననాడును, నొప్పులు పడు ఆడుబిడ్డకు వీథిచివరనున్న పాతకారే దిక్కగుచున్నది. అట్టి రాత్రి అది కదలకున్నను, కదలి దారిలో ఆగకున్నను, ఏమగునో మీకు నేను చెప్పనక్కఱలేదు.

లక్ష మైళ్లు తిరిగినదని జనులు బండిని నిందింతురు. నా యనుభవమున బండి తిరిగిన దూరమువలన చెడుట తక్కువ. కాఱిన చుక్కను యజమానుడు చూడకుండుటవలన చెడుట యెక్కువ. కావున మీ రొక పని చేయుడు. రాత్రి బండి నిలిపినపుడు దాని ముందుభాగము క్రింద నొక పాత అట్టముక్కను పఱచుడు. తెల్లవాఱినపిదప దానిని బయటికి లాగి చదువుడు. చదువుడనియే చెప్పుచున్నాను, ఏలయన ఒక్కొక్క మరక ఒక్కొక్క అక్షరము.

నల్లని మరక ఇంజను నూనె. మారిసు కాలపు ఇంజనుగల బండ్లలో, ఇంజను వెనుకకొసను గేరుపెట్టె కలియుచోట, నేటి కార్లలోవలె రబ్బరు సీలు లేదు. తిరుగు ఇరుసుపై మరచుట్టువంటి గాడియుండి, బయటికి రాబోవు నూనెను లోనికి త్రోయును. ఇంజను ఆగినతోడనే ఆ త్రోపు ఆగును. కావున నిలిపినపిదప ఒకటి రెండు చుక్కలు రాలుట దాని పుట్టుగుణము. దీనిని మాన్పింతునని ఇంజను విప్పించి వేలకు వేలు వ్యయము చేయుట నేను మెచ్చను. నూనె కొలపుల్ల చూచుకొనుచు, తగ్గినంత పోసికొనుచుండిన చాలును. చుక్కలు మడుగు కట్టినప్పుడు ఆలోచింపవలయును. చిక్కగానుండి గంధకపు వాసన కొట్టునది గేరునూనె. తుప్పురంగుగాని పచ్చరంగుగాని గల నీరు రేడియేటరుది. పెట్రోలు మరకను మిగుల్చదు, వాసనను మాత్రము మిగుల్చును. ఆ వాసన వచ్చిననాడు సెల్ఫు నొక్కరాదు. నెఱ్ఱెలు వారిన రబ్బరుగొట్టము ఎక్కడనో ఉన్నదని తెలిసికొని, దానిని మార్చినగాని బండిని ముట్టరాదు. చక్రపు లోపలి ప్రక్కను జిడ్డుగా తడి కనబడినచో అది బ్రేకు ద్రవము కావచ్చును. దాని సంగతి తరువాత చెప్పుదును.

మొదట నీటి సంగతి. మన జిల్లాలలో చాలచోట్ల బోరునీరు ఉప్పుగానో సున్నముగానో ఉండును. ఆ నీరు కాచిన పాత్ర అడుగున తెల్లని పొక్కు కట్టుటను మీ యింటి ఆడువారు దినము చూచుచున్నారు. అదే పొక్కు రేడియేటరు నాళములలోను, ఇంజను చుట్టునున్న నీటిదారులలోను కట్టును. నాళములు సన్ననివి. సగము మూసికొనిపోయినపిదప, మాఘమాసమున చక్కగా నడచిన బండి వైశాఖమున మరగిపోవును. శుద్ధజలములో కూలెంటు కలిపి పోయుట ఉత్తమము. అది దొరకనిచో వడగట్టిన వాననీరు. దారిలో దిక్కులేక బోరునీరు పోసినను ఇల్లు చేరినపిదప దానిని విడిచివేయవలయును.

బండి మరగుచున్నదని చెప్పినచో కొందఱు మేస్త్రీలు చేయు మొదటి వైద్యము థర్మోస్టాటును పీకివేయుట. అది చల్లని ఇంజను త్వరగా వేడెక్కుటకై నీటిదారిని మూసి, వేడెక్కినపిదప తెఱచు చిన్న తలుపు. దానిని తీసివేసినచో ఇంజను చాలసేపు చల్లగానే పరుగెత్తును, పెట్రోలు ఎక్కువ త్రాగును, లోపలి గోడలు త్వరగా అఱుగును. అసలు రోగము నాళములలోని పొక్కు. అది అట్లే యుండును. జ్వరమునకు మందీయక మంచమును మార్చినట్టి వైద్యమిది. థర్మోస్టాటు చెడినదో లేదో వేడినీటి గిన్నెలో వేసి చూచిన తెలియును. తెఱచుకొనకున్నచో క్రొత్తది పెట్టింపుడు.

రేడియేటరు మూత కేవలము మూత కాదు. లోపల ఒత్తిడిని నిలిపి నీరు మరుగు వేడిని పెంచునట్టిది. దాని రబ్బరు ఎండి పగిలినచో మంచి రేడియేటరు సైతము పొంగిపోవును. ఆ మూతనే వేడిమీద తిప్పినచో మొగము కాలును. అరగంట ఆగి, మందపుగుడ్డ వేసి, కొంచెము కొంచెముగా తిప్పవలయును. కాలియున్న ఇంజనులో చన్నీరు కుమ్మరించుట మఱియొక అనర్థము, ఇనుము పగులును. ఫ్యాను బెల్టును రెండు చక్రముల నడుమ బొటనవ్రేలితో నొక్కిన అరయంగుళము క్రుంగవలయును. అంతకంటె వదులైన జాఱును, మిక్కిలి బిగువైన నీటిపంపు బేరింగును తినివేయును.

నూనె పోయు మూతను తీసి దాని లోపలి ప్రక్కను చూచుచుండుడు. మజ్జిగనురుగువంటి తెలుపు కనబడినచో నీరు నూనెలో కలియుచున్నదన్న మాట. వానకాలమున ఊరిలోనే రెండు మూడు మైళ్లు తిరుగు బండికి కొంచెము నురుగు పట్టుట కలదు, దానికి భయపడనక్కఱలేదు. కొలపుల్లపైకూడ ఆ తెలుపే వచ్చి, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో, ఇంజను తలక్రింది గాస్కెట్టు పోయినది. అట్టి బండిని ఆ స్థితిలో నడపరాదు. నీరు కలిసిన నూనె బేరింగులను కాపాడలేదు.

ఇక బ్రేకులు. ఇచ్చట కొంత తడవు నిలువవలయును. మీరు కాలితో త్రొక్కిన బలమును నాలుగు చక్రములకు మోయునది ఇనుపకమ్మి కాదు, గొట్టములలోని ద్రవము. దానిని బ్రేకాయిలందుము గాని అది నూనె కాదు. నూనెకు నీటితో వైరము, దీనికి స్నేహము. గాలిలోని తేమను ఇది మెల్లమెల్లగా పీల్చుకొనును. తేమ చేరినకొలది మరుగు వేడి తగ్గును. తిరుమల ఘాటులోనో, శ్రీశైలపు నల్లమల ఘాటులోనో, అరకు ఘాటులోనో దిగునపుడు మాటిమాటికి త్రొక్కుటచే చక్రములు కాలి, ఆ వేడి ద్రవమునకు తగిలి, గొట్టములో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవమును నొక్కిన బలము చక్రమును చేరును. ఆవిరిని నొక్కిన ఆవిరియే నలుగును. కాలు నేలకు తగులును, బండి ఆగదు. కావున రెండేండ్ల కొకమాఱు పాత ద్రవమునంతయు విడిచి క్రొత్తది పోయింపవలయును. ఘాటు నెక్కిన గేరులోనే దిగవలయును.

తొలినాళ్ల నమూనాలలో నాలుగు చక్రములకును ద్రవపుదారి ఒక్కటియే. ఒక చక్రముకడ రబ్బరు పగిలిన నాలుగింటి బ్రేకులును పోవును. తరువాతి బండ్లలో దారులు రెండైనవి. మీ బండి యెట్టిదో మేస్త్రీ నడిగి తెలిసికొనుడు. ఒకటే దారియైనచో చేతిబ్రేకు మీకు రెండవ ప్రాణము. దాని తీగ తుప్పుపట్టి యుండరాదు.

మా వియ్యంకులవారి బండికి జరిగినది చెప్పెదను. బ్రేకు ద్రవము తగ్గినదని దారిలో నొక షెడ్డువాడు చేతికందిన ఇంజను నూనె పోసెను. ఆ రబ్బరు కప్పులకు ఖనిజతైలము పడదు. నానిన సెనగలవలె ఉబ్బును. మూడవనాటికి పెడలు ఱాయివలె బిగిసెను. త్రొక్కకయే చక్రములు పట్టుకొనెను. డ్రమ్ములు కాలి కమురువాసన వచ్చినపిదప గాని లోపలివారికి తెలియలేదు. చదునైన దారియగుటచే ప్రాణములు దక్కెను. మాష్టరు సిలిండరు మొదలు నాలుగు చక్రములవఱకు రబ్బరంతయు మార్చి, గొట్టములు కడుగవలసివచ్చెను. నాటినుండి నేను సీలు విప్పని చిన్న బ్రేకు ద్రవపు డబ్బానొకదానిని బండిలో నుంచుకొనుచున్నాను.

పరీక్షలు రెండు చాలును. బండి నిలిచియుండగా పెడలును గట్టిగా త్రొక్కి పట్టి, నిమిషము ఆగుడు. కాలిక్రింద అది మెల్లగా క్రుంగుచున్నచో మాష్టరు సిలిండరు అఱిగినది, లేదా ఎచ్చటనో కాఱుచున్నది. రెండు మూడు మాఱులు త్రొక్కినగాని పట్టదన్నచో షూలను బిగింపవలసియున్నది, లేదా గాలి చేరినది. ఈ రెండింటిలో నేది కనబడినను పొరుగూరికికూడ పోరాదు.

పొగను చూచి రోగము చెప్పుట సులభము. నీలిపొగ నూనె కాలుటవలన. ఉదయమున సెల్ఫు కొట్టినపుడు మాత్రమే వచ్చి పోయినచో వాల్వులకడ కొంత యఱుగుదల. దానితో చాలకాలము నడపవచ్చును. బరువు లాగునపుడెల్ల వచ్చుచున్నచో పిస్టను రింగులు అఱిగినవి. నల్లపొగ పెట్రోలు ఎక్కువగుటవలన. గాలి వడపోతను దులిపిన ఒక్కొక్కప్పుడు అంతటితో పోవును. వేడెక్కిన తరువాతకూడ తెల్లపొగ విడువకున్నచో పైన చెప్పిన గాస్కెట్టు సంగతి. ఏ పొగయు లేకున్నను, నూనె ఒత్తిడి దీపము వెలిగినచో అక్కడికక్కడే ఇంజను ఆపవలయును. ఊరు కనబడుచున్నదని ఒక మైలు నడపినవారు ఇంజనుకు సమాధి కట్టినవారే.

ముందుచక్రముల కింగుపిన్నులకు గ్రీజు పెట్టుట ఎడ్లబండి కందెన వంటిదే. నేను 1,500 కిలోమీటరుల కొకమాఱు పెట్టింతును. లోపలి పాత నల్లగ్రీజు బయటికి ఊఱువఱకు గన్ను కొట్టవలయును. పైపైన పూసి డబ్బు తీసికొను కుఱ్ఱవాండ్రు కలరు గనుక దగ్గఱ నిలిచి చూడుడు. చక్రమును జాకీపై లేపి, పైనొక చేయి, క్రిందొక చేయి వేసి ఊపిన కటకటలాడినచో పిన్నులో బేరింగో అఱిగినవి. బ్యాటరీ కొనలు తుడుచుకొనుట, ప్లగ్గులు గీకుట, పాయింట్లు సరిచేయుట మీకు తెలిసినవే. టైరులు మాత్రము గాడి మిగిలియున్నను, ప్రక్కలు పగిలినచో తీసివేయుడు. రబ్బరునకు వయసుకూడ మృత్యువే.

సీట్లకు ముఖమలు తొడిగించి, రెండు హారనులు పెట్టించి, బ్రేకులకు డబ్బు లేదను యజమానులను నేనెఱుగుదును. వారి బండ్లు ఊరేగింపునకు తగును.

తుప్పు కడపటిది గాని చిన్నది కాదు. లారీకి క్రింద చట్రము వేఱు, పైపెట్టె వేఱు. అంబాసిడరునకు అట్టి వేఱు చట్రము లేదు. ఆ రేకుపెట్టెయే ఎముకలును చర్మమును. కావున తలుపుల క్రింది దూలములును, వెనుక కమాను పట్టీలు తగులుకొను చోటులును తుప్పుపట్టినచో, అది అందము చెడుట కాదు, వెన్నెముక విఱుగుట. వేపచెట్టు క్రింద నిలుపు బండ్లకు ఆకులు తలుపుల అడుగున చేరి నీటి రంధ్రములను మూయును. ఏటికి రెండుమాఱులు పుల్లతో పొడిచి తెఱవవలయును. కొన్నిచోట్ల ఆ దూలములపై మందపు తారు పూసి, రంగు వేసి అమ్ముదురు. కొనువారు స్క్రూడ్రైవరు కొనతో నొక్కి చూచినగాని బేరము చేయరాదు.

సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. అటుపిమ్మట పరీక్ష చేయించి ఐదేసి యేండ్లకు పొడిగించుకొనవలయును. మా బండికి ఆ గడువు మరల దగ్గఱపడినది. అమ్మివేయుదమని మా అబ్బాయి చెప్పుచున్నాడు. మొన్న ఆదివారమున ఇద్దఱము బండి క్రిందికి దూఱి, ఎడమప్రక్క దూలమును, కమాను కొక్కెములను పొడిచి చూచితిమి. ఇనుము గట్టిగా పలికినది. కుడిప్రక్కను పాత అతుకొకటి యున్నది. దానిని గీయించి చూతుము. స్క్రూడ్రైవరు లోనికి దిగినచో పాతయినుమునకే ఇచ్చెదనుగాని, మఱియొకనికి అమ్మనని అబ్బాయికి చెప్పియున్నాను.