వరదనీట మోటారుకారు
(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



మనవారు తరతరములుగా నివసించుచున్న ఈ చెన్నపట్టణమునకు ఈశాన్య ఋతుపవనముల తాకిడి క్రొత్త గాదు. 2015 డిసెంబరులో అడయారు పొంగి నగరమును ముంచెను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను మరల వీధులను చెరువులు గావించెను. అట్టి దినములలో కార్ల ఇంజనులు చెడుట అందరును ఎరిగినదే. ఏల చెడునో తెలిసినచో పెక్కింటిని కాపాడుకొనవచ్చును.

ఇంజను గాలి పీల్చి పనిచేయు యంత్రము. సిలిండరులోని గాలిని పిస్టను పైకి లేచి, పెట్రోలు ఇంజనులో సుమారు 10వ వంతునకు, డీజిలు ఇంజనులో సుమారు 16వ వంతునకు అదుమును. గాలి అణగును, నీరు అణగదు. గాలి పీల్చు గొట్టము పెక్కు కార్లలో ముందుభాగముననే యుండును. వేగముగా నీటిలో దూసికొనిపోయినచో ముందు అల లేచి ఆ గొట్టపు నోటి కందును. సిలిండరులో నీరు నిండినపుడు పిస్టను బండను ఢీకొన్నట్లు ఆగును. దానికి తగిలించిన కనెక్టింగు రాడ్డు వంగును. ఒక్కొకప్పుడు విరిగి ఇంజను గోడనే చీల్చును.

అయితే నీటిలో ఆగిన ప్రతి ఇంజనును చెడినట్లే యని తలంపరాదు. మెల్లగా పోవుచు ఆగినచో రాడ్డు వంగక యుండవచ్చును. దానిని చెరచునది మన తొందరయే. ఆగిన వెంటనే తాళముచెవి త్రిప్పుదుము. లోపల నిలిచిన నీటిపైకి పిస్టనును మనమే త్రోయుదుము. కావున అట్టి ఇంజనును ఎన్నడును మరల స్టార్టు చేయరాదు. కారును మెరకకు నెట్టించి మెకానిక్కును పిలువవలెను. అతడు ప్లగ్గులు విప్పి నీటిని వెడలించి, నూనె మార్చి, అటుపిమ్మట స్టార్టు చేయును.

మనలో టాక్సీ నడిపి బిడ్డలను చదివించుకొనువారు కలరు. ఇంజను పోయిన నెలల సంపాదన పోవును. సాధారణ బీమా ఉన్నను, నీటిలో మరల స్టార్టు చేసినందున కలిగిన నష్టమును కంపెనీలు నిరాకరించుట కలదు. ఇంజను రక్షణకు వేరుగా ప్రీమియము కట్టు ఏర్పాటున్నది. వానకాలమునకు ముందే పాలసీ చదివి చూచుకొనుడు.

ఇంజనుకన్న ప్రాణము గొప్పది. ఒక అడుగు లోతు నీరు చిన్న కార్లను తేల్చగలదు. రెండడుగుల ప్రవాహము చాలవరకు కార్లను కొట్టుకొనిపోగలదు. 2024 అక్టోబరులో వేలచ్చేరివారు వాన ముదురకముందే తమ కార్లను ఫ్లైఓవరుపై నిలుపుకొనిరి. ఆ ముందుచూపు మనకును ఉండవలెను.

వాన నాడు మీరు నీటికి తెగించి వచ్చునది బిడ్డల కొరకే యని ఎరుగుదును. అట్లు రావలదు. నీరు తీయువరకు బిడ్డలు పాఠశాలలోనే క్షేమముగా నుందురు. చివరి బిడ్డను అప్పగించువరకు ఉపాధ్యాయులు ఇల్లు చేరరు. ఆలస్యముగా వచ్చినవారిని ఎవ్వరును తప్పుపట్టరు. నిదానముగా రండు, క్షేమముగా రండు.

సెలవు.