మంచు హాకీలో మేటి వింగర్లు

హాకీ అన్న మాట చెవిని పడగానే మనకు పచ్చిక మైదానము, ధ్యాన్‌చంద్ పేరు, ఒలింపిక్ స్వర్ణపతకములు స్ఫురించును. కెనడా దేశస్థునికి ఆ మాటకు అర్థమే వేరు. అతనికి హాకీ అనగా మంచుమీద ఆడు హాకీయే. మన హాకీని అతడు 'ఫీల్డ్ హాకీ' అని ప్రత్యేకించి చెప్పుకొనును. మన దేశమునను లడఖ్‌లో చెరువులు గడ్డకట్టు రోజులలో ఈ ఆట ఆడుదురు గాని, తెలుగునాట దీనిని కన్నులార చూచినవారు అరుదు. కావున మేటి వింగర్లు ఎవరన్న తగవులో దిగుటకు ముందు ఆటను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది.

రెండు వందల అడుగుల పొడవు, ఎనుబదియైదు అడుగుల వెడల్పు గల మంచు గచ్చు. దానిచుట్టు ఒక పొట్టిగోడ. జట్టుకు ఆరుగురు. బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్ల ఉండును. దానిని 'పక్' అందురు. మూడంగుళముల వెడల్పు, అంగుళము మందము. మన పిల్లల తొక్కుడుబిళ్లకంటె కొంచెము పెద్దది. గోలు కాచువాడొకడు, వాని ముందు రక్షకులిద్దరు, ఆపైన దాడి చేయువారు ముగ్గురు. ఆ ముగ్గురిలో నడుమనున్నవాడు సెంటరు; ఇరుప్రక్కల నుండువారు వింగర్లు. ఆటను అల్లువాడు సెంటరైనచో, గోడవెంబడి పక్కును తెచ్చుట, మూలలలో దానికై పెనుగులాడుట, కడకు దానిని గోలులోనికి కొట్టుట వింగరు పని. ముప్పాతిక నిమిషము ప్రాణము బిగబట్టి ఆడి, అతడు వెళ్లి బల్లమీద కూలబడును, మరొకడు దిగును.

ఇంకొక సంగతి. మన హాకీకర్రకు ఒక ప్రక్కనే చదును. అందుచేత మనకు ఎడమవైపున ఆడువానికి చిక్కులెక్కువ. అక్కడ కర్రను రెండు ప్రక్కల వాడవచ్చును. పైగా ఎడమచేతివాటముగా కొట్టువాడు కుడివైపున ఆడినను, కుడిచేతివాటమువాడు ఎడమవైపున ఆడినను, గోలు వాని కర్రకు మరింత విశాలముగా తెరచుకొనును. ఈ కిటుకు మనసున ఉంచుకొనుడు. మనము చెప్పుకొనబోవు ఇద్దరు వీరులు దీని బలమునను పేరు గాంచిరి.

ఇక తగవు. గోళ్ల లెక్కను బట్టి వరుస వేయవచ్చునుగదా, కష్టమేమి అని శ్రోతలు అడుగవచ్చును. లెక్కయే కష్టము. 1942 నుండి 1967 వరకు ఉత్తర అమెరికా జాతీయ హాకీ లీగులో ఉన్న జట్లు ఆరే. 1940లలో కొంతకాలము ఏటికి ఏబది ఆటలు, తరువాత డెబ్బది, ఇటీవలి కాలమున ఎనుబదిరెండు. 1980 ప్రాంతమున గోళ్లు వానవలె కురిసినవి. ఆ తరువాత గోలుకాపరుల విద్యయు, వారి తొడుగులును పెరిగి గోళ్లు తగ్గినవి. కాలము నెరుగక అంకెలను పేర్చుట, పుట్టికొలతను మానికకొలతను ఒకే రాశిలో పోయుట వంటిది.

నా లెక్కలో మొదటివాడు గోర్డీ హౌ. 1928లో సస్కచ్వాన్ ప్రాంతమున ఒక పల్లెలో పుట్టి, 1946లో డెట్రాయిట్ జట్టున చేరి, ఇరువదియైదేండ్లు ఆ జట్టుకే ఆడెను. కుడి వింగు. కర్రను ఏ చేతివాటమునకైనను మార్చుకొని కొట్టగలవాడు. 1950 వసంతమున ఒక ఆటలో గోడకు గ్రుద్దుకొని తల పగిలెను. మెదడుపై ఒత్తిడి తగ్గించుటకు వైద్యులు పుర్రెకు శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. బ్రతుకునా అని జనులు ఎదురుచూచిరి. మరుసటి యేడు అతడే లీగులో అందరికంటె ఎక్కువ పాయింట్లు తెచ్చెను. ఆపై వరుసగా మరి మూడేండ్లును అట్లే. పాయింటు అనగా తాను కొట్టిన గోలుకును, ఇతరునిచేత కొట్టించిన గోలుకును కలిపి వేయు లెక్క. ఇరువది సంవత్సరములు వరుసగా లీగులో మొదటి అయిదుగురిలో అతడు నిలిచెను. ఇది నాకు 801 గోళ్లకంటె పెద్ద మాటగా తోచును. నలుబదియేండ్ల వయసున, 1968–69లో, 103 పాయింట్లు తెచ్చెను. 1971లో విరమించి, 1973లో తన ఇద్దరు కుమారులతో కలిసి పోటీ లీగులో హ్యూస్టన్ జట్టుకు మరల ఆడెను. 1980లో ఏబదిరెండేండ్లు నిండిననాటికి అతడింకను జాతీయ లీగులోనే ఉండి, ఆ యేడు జరిగిన ఎనుబది ఆటలును ఆడెను. మంచి మనిషియే గాని మోచేతితో పొడుచుటలో మాత్రము ఎవరికిని తీసిపోడు. ఆ పోటు తిన్నవారు మరల అతని దరికి వచ్చుటకు సందేహించెడివారు.

రెండవ పీఠము గూర్చియే అసలు జగడము. మారిస్ రిషార్ ఒకప్రక్క, అలెగ్జాండర్ ఒవెచ్కిన్ ఒకప్రక్క. ఇందాక చెప్పిన కిటుకు వీరిదే. రిషార్ ఎడమచేతివాటముతో కుడివైపున, ఒవెచ్కిన్ కుడిచేతివాటముతో ఎడమవైపున ఆడిరి.

రిషార్ మాంట్రియల్ నగరవాసి, మాతృభాష ఫ్రెంచి. 1944–45లో ఏబది ఆటలలో ఏబది గోళ్లు కొట్టెను. మంచి ఆటగాండ్రు యుద్ధమునకు పోయిరి కనుక సాగినదని కొందరు పెదవి విరిచిరి. యుద్ధము ముగిసి అందరును తిరిగివచ్చిన పిదప, 1946–47లో నలుబదియైదు కొట్టి వారికి బదులు చెప్పెను. క్విబెక్ ప్రాంతమున జనులలో అధికులు ఫ్రెంచివారు. వ్యాపారములును, పెత్తనమును చాలవరకు ఆంగ్లభాషీయుల చేతులలో ఉండెడివి. అట్టిచోట తమవాడొకడు ఎవరికిని తలవంచక గోళ్లు కొట్టుచుండగా ఆ జనులకు ఎట్లుండునో మనము ఊహింపగలము. 1955 మార్చి 13న బోస్టన్‌లో జరిగిన కొట్లాటలో అతడు ఆటనిర్వాహకునొకనిని కొట్టెను. లీగు అధ్యక్షుడు క్లారెన్స్ కాంప్‌బెల్ అతనిని ఆ యేటి తక్కిన ఆటలన్నిటినుండి బహిష్కరించెను. నాలుగు దినములకు అధ్యక్షుడు మాంట్రియల్ ఆటకు స్వయముగా వచ్చి కూర్చుండగా జనులు ఆగ్రహించిరి, లోపల బాష్పవాయు గోళము ప్రేలెను, ఆట ఆగెను, వీధులలో దుకాణములు లూటీ అయినవి. మరునాడు రిషార్ మైకు ముందుకు వచ్చి, శాంతింపుడని ప్రజలను వేడుకొనెను. ఆ మాట రేడియోలో వినబడినది, నగరము చల్లబడినది.

రేడియో మాట వచ్చినది కనుక ఒక ముక్క. టొరాంటోలో ఫాస్టర్ హెవిట్ అను వ్యాఖ్యాత 1923 నుండి ఈ ఆటను రేడియోలో వినిపించెను. శనివారపు రాత్రులలో మంచు కప్పిన పల్లెలలోని కుటుంబములు రేడియో చుట్టు మూగి ఆ గొంతును వినెడివి. ఒక్కసారియు ఆటను చూడనివారుకూడ వీరులెవరో ఎరిగియుండిరి. చూడకయే వాదించుటకు మనమే మొదటివారము కాము!

ఆ శిక్షవలన రిషార్ ఆ యేడు పాయింట్ల కిరీటమును ఒకే ఒక పాయింటుతో, అదియు తన జట్టువాడైన బెర్నీ జెఫ్రియాన్‌కు, కోల్పోయెను. అది అతనికి మరి ఎన్నడును దక్కలేదు. 1960లో విరమించునాటికి 978 ఆటలలో 544 గోళ్లు. స్టాన్లీ కప్పులు ఎనిమిది.

ఒవెచ్కిన్ 1985లో మాస్కోలో పుట్టెను. తల్లి తత్యానా బాస్కెట్‌బాల్‌లో రెండు ఒలింపిక్ స్వర్ణములు గెలిచిన మహిళ. ఆమె ధరించిన ఎనిమిదవ సంఖ్యనే కొడుకును ధరించెను. 2005లో వాషింగ్టన్ జట్టుకు ఆడ నారంభించెను. హౌ లెక్కను 1994లో దాటి, 894 గోళ్లతో విరమించిన వెయిన్ గ్రెట్జ్‌కీ సెంటరు. ఆ లెక్క ఇక చెక్కుచెదరదని అందరును తలచిరి. 2025 ఏప్రిల్ 6న న్యూయార్క్ ఐలాండర్స్ జట్టుపై ఒవెచ్కిన్ 895వ గోలు కొట్టెను. అది అతని 1487వ ఆట. గ్రెట్జ్‌కీయు సరిగా అన్ని ఆటలే ఆడియుండెను. గోళ్లు అరుదైన కాలమున, ఒక యేడు లీగే నడువక, మరి కొన్నియేండ్లు కుదింపబడి పోగా, ఈ లెక్క సాధించుట సామాన్యము కాదు. అతడు ఎడమవైపు వృత్తమున నిలిచి వచ్చిన పక్కును వచ్చినట్లే కొట్టునని సభలోని పసివాడును ఎరుగును. ఎదుటి జట్టును ఎరుగును. ఐనను ఆపలేకపోయిరి, చెప్పి కొట్టినట్లే కొట్టెను. రిషార్ ఒక జాతికి గుండె. కాని ఆటను మాత్రమే తూచునప్పుడు రెండవ పీఠము ఒవెచ్కిన్‌దే అందును. మాంట్రియల్‌లో నిలిచి ఈ మాట అను ధైర్యము నాకు లేదు.

నాలుగవవాడు చెక్ దేశస్థుడు యారొమీర్ యాగర్. సోవియట్ సేనలు తన దేశమును ఆక్రమించిన 1968ని మరువకుండుటకు 68 సంఖ్యను ధరించెను. 1921 పాయింట్లతో లీగు చరిత్రలో గ్రెట్జ్‌కీ తరువాత నిలిచినవాడు. నడుమ మూడేండ్లు రష్యాలో ఆడియును అంత సాధించెను. అయిదవవాడు బాబీ హల్. ఒక యేట ఏబదికి మించి గోళ్లు కొట్టిన మొదటివాడు, 1965–66లో ఏబదినాలుగు. 1972లో అతడు పోటీ లీగుకు వెళ్లుటచే కెనడా అతనిని సోవియట్ జట్టుతో జరిగిన ఎనిమిది ఆటల పోటీకి తీసుకొనలేదు.

ఆ పోటీయే ఆరవవానిని లోకమునకు చూపినది. వలేరీ ఖర్లామొవ్, ఎడమ వింగు. జాతీయ లీగులో ఒక్క ఆటయు ఆడనివాడు. కనుక కొందరి పట్టికలలో అతని పేరే ఉండదు. 1972 సెప్టెంబరు 2న మాంట్రియల్‌లో, తమకు సాటిలేరని నమ్మిన కెనడా జట్టుపై సోవియట్ జట్టు 7–3తో గెలిచెను. అందు ఖర్లామొవ్‌వి రెండు గోళ్లు. మాస్కోలో ఆరవ ఆటయందు బాబీ క్లార్క్ కర్రతో అతని చీలమండపై కొట్టెను. అతడు ఏడవ ఆట ఆడలేకపోయెను. ఎనిమిదవదానిలో ఆ నొప్పితోనే దిగెను. చివరి మూడు ఆటలును గెలిచి కెనడా ఒక్క ఆట ఆధిక్యమున బయటపడెను. ఒక వింగరు విలువను లెక్కించుటకు ప్రత్యర్థులు ఆ దెబ్బకు తెగించుటకంటె వేరు కొలత కావలెనా? 1981లో, ముప్పదిమూడేండ్ల వయసున, కారు ప్రమాదమున అతడు మరణించెను.

ఏడవ స్థానమునకు ఇద్దరు: గీ లఫ్లూర్, మైక్ బాసీ. ఇద్దరును కుడి వింగులే. ఇద్దరును 2022 ఏప్రిల్‌లో వారము వ్యవధిలో కన్నుమూసిరి. లఫ్లూర్ ఆరేండ్లు వరుసగా ఏబదేసి గోళ్లు కొట్టెను. ఆట చూచుటకు అతడే సొగసుకాడు. బాసీ తొమ్మిదేండ్లు వరుసగా కొట్టి, నడుమునొప్పిచే ముప్పదియేండ్లకే ఆట మానవలసివచ్చెను. అప్పటికి 752 ఆటలలో 573 గోళ్లు. ఆడని ఆటలకు మార్కులు వేయరాదు, ఆడినవే చాలును. నేను బాసీని నిలుపుదును.