ఆకాశమునుండి దిగివచ్చు పెట్టె

విద్యుద్దర్శినిలో విడివడి నిలిచిన బంగారు రేకులు, ఎంత భద్రపరచినను, మెల్లగా దగ్గరకు వచ్చుచుండును. భూమిలోని రేడియోధార్మికతయే ఇందుకు కారణమని పూర్వము తలచిరి. అట్లయినచో పైకి పోయినకొలది ఈ ప్రభావము తగ్గవలెను గదా! 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ బెలూనులో 5 కిలోమీటర్లకు పైగా ఎగిరి కొలిచెను. తగ్గుటకు మారుగా అది పెరిగెను. కిరణములు పైనుండియే వచ్చుచున్నవని తేలెను. అవియే విశ్వకిరణములు. ఇందుకు హెస్‌కు 1936లో నోబెల్ బహుమతి లభించినది.

ఈ కిరణములు గాలిలోని పరమాణువులను ఢీకొని కొత్త కణములను పుట్టించును. నేలమీద మనకు చిక్కునది ఎక్కువగా ఆ సంతతియే. మూలకణమును చూడగోరినచో గాలిని దాటి పైకి పోవలెను. 30 కిలోమీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి నేలమీది దానిలో నూరవవంతు మాత్రమే. పలుచని పాలిథిన్ బెలూనులు పరికరములను అచటికి మోయును.

ఇందుకు మన హైదరాబాదు ఏల అనువైనది? ఈ నగరము భూఅయస్కాంత మధ్యరేఖకు సమీపమున నున్నది. భూమి అయస్కాంతక్షేత్రము తక్కువ శక్తిగల కణములను ఇక్కడ మరలించివేయును. నిట్టనిలువుగా దిగు ప్రోటానుకు సుమారు 1600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్నగాని ప్రవేశము లేదు. కణముల రద్దీ తగ్గుటచే, నక్షత్రములు వెలువరించు ఎక్స్-కిరణములను సయితము స్పష్టముగా గుర్తింపవచ్చును. టాటా మౌలిక పరిశోధన సంస్థ 1969లో ఇక్కడ శాశ్వత బెలూను కేంద్రమును నెలకొల్పినది.

కొలత ముగిసిన పిదప పరికరములు బెలూనునుండి విడివడి పారాచూట్‌తో దిగును. నగరపు ఈశాన్యమున ఇ.సి.ఐ.ఎల్. ప్రాంతమున ఎగిరినది, పడమట మదీనాగూడ వంటి శివారులకును ఆవల దిగవచ్చును. 2022 డిసెంబరు 7న ఎగురవేసిన ఒక ప్రయోగపు పెట్టె వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలములలో దిగగా, జనులు వింతగా గుమిగూడిరి.

ఆ కుతూహలము సహజమే. కాని పెట్టెను విప్పరాదు. కొన్ని పరికరములలో అధిక విద్యుత్తు ఉండవచ్చును. విశ్వకిరణముల జాడలు ముద్రితమైన ఫోటో ఫలకమునకు వెలుతురు సోకినచో ఆ జాడలు మరి దొరకవు; అనేకుల శ్రమ వ్యర్థమగును. అట్టి పెట్టె మీ చేనిలో దిగినచో తాకక, సమీప పోలీసు ఠాణాకు కబురంపుడు. ఆ ప్రయోగమున మీరును పాలుపంచుకొన్నవారగుదురు.