బడి సెలవులు – పనివారి పిల్లలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



తెలుగున సెలవు అను చిన్నమాటకు అర్థములు పెక్కు. పెద్దలయొద్ద సెలవు పుచ్చుకొనుట యనిన అనుమతి పొందుట. పని మానుకొను దినము సెలవు. రూకలు సెలవైనవి యనిన ఖర్చుపడినవని యర్థము. బడిపిల్లవానికి రెండవ యర్థమే వేదము. కూలికి పోవు తల్లికి మాత్రము మూడవ యర్థము మొదట తెలియవచ్చును. బడి మూసిన నాటినుండి ఆ యింట మధ్యాహ్నపు బియ్యము ఖర్చు పెరుగును. చంటిబిడ్డను చూచుటకు పెద్దపిల్ల యింట నిలుచును. చెఱువుగట్టున పిల్లవాడేమి చేయుచున్నాడో యను బెంగ, మట్టితట్ట నెత్తు చేతిని నడుమ నడుమ ఆపుచుండును. ఈ కారణముననే “ఈ సెలవులెందుకు? ఎత్తివేయరాదా?” యను ప్రశ్న పుట్టినది. పట్నములలో ఇరువురును ఉద్యోగమునకు పోవు దంపతులు కూడ ఇదే అడుగుచున్నారు. ప్రశ్న తప్పు కాదు. సమాధానము మాత్రము పైకి కనబడునంత సులభమైనది కాదు.

రెండు తెలుగు రాష్ట్రములలోను వేసవి సెలవులు సాధారణముగా ఏప్రిల్ నాలుగవ వారమున మొదలగును. జూన్ 12న బడులు మఱల తెఱతురు. నడుమ ఇంచుమించు ఏడు వారములు. ఇవిగాక దసరా, సంక్రాంతి సెలవులు కలవు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 1 నుండి 5 తరగతులకు ఏటికి 200 పనిదినములును, 6 నుండి 8 తరగతులకు 220 పనిదినములును తక్కువ గాకుండ ఉండవలెనని విధించినది. అనగా ఆదివారములతో కలిపి 165 దినములు బడి లేకున్నను చిన్నతరగతుల విషయమున చట్టమునకు లోటు రాదు. ఆ 165 దినములలో ఆ పిల్లవాడెక్కడ ఉండును, ఏమి తినును, ఎవరు చూతురు అను మూడు ప్రశ్నలకును ఆ లెక్కలో చోటు లేదు.

తిండిమాట ముందు చెప్పవలెను. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఏటికి 200 దినములకు తక్కువ గాకుండ వండిన భోజనము పెట్టవలెనని ఆజ్ఞాపించినది. ఆంధ్రప్రదేశమున 2003 నుండి బడులలో పొయ్యి వెలిగినది. 2004 ఏప్రిల్‌లో అదే న్యాయస్థానము మఱొక మాట చెప్పినది: కఱవు ప్రాంతములలో వేసవి సెలవులందును ఆ భోజనము ఆపరాదు. న్యాయమూర్తులకు తోచిన యీ సంగతి పల్లెలో ఏ ముసలమ్మకైనను తెలిసినదే. బడికి సెలవున్నను కడుపునకు లేదు. ఆ బడిలో వంట చేయు స్త్రీ సంగతియు చూడుడు. కేంద్రపు నిబంధన ప్రకారము ఆమెకు ఏటికి 10 నెలల గౌరవ వేతనమే. వేసవిలో పిల్లల యన్నముతో పాటు ఆమె జీతమును ఆగిపోవును, ఆమె పిల్లలును ఆ బడి పిల్లలే.

అయినచో సెలవులు ఎత్తివేయుదమా యనిన, ఎండ యడ్డువచ్చును. మార్చి నడిమికే ఒంటిపూట బడులు పెట్టవలసిన దేశమిది. 2015 మే నెలలో వడగాలికి రెండు రాష్ట్రములలో కలిపి వేయిమందికి పైగా మరణించిరి. వారిలో ఎండలో పని చేయక తప్పని వారును, ముసలివారును ఎక్కువ. ఆ దినములలో రేకుల కప్పు క్రింద నలువదిమందిని కూర్చుండబెట్టి ఎక్కములు చెప్పించుట చదువు కాదు, శిక్ష. అదిగాక ఆటయు, అమ్మమ్మగారి యూరును, ఏమియు చేయకుండ చెట్టుక్రింద కూర్చుండుటయు పిల్లవాని హక్కులు. కలవారి పిల్లలకు ఇవి దొరకుచుండగా కూలివారి పిల్లలకు ఏడాది పొడుగునను బడియే గతి యనుట న్యాయముగా లేదు.

పూర్వము వీధిబడులకు సెలవులు ఎండనుబట్టి గాక తిథినిబట్టి వచ్చెడివి. పూర్ణిమ, అమావాస్య, పాడ్యమి వంటి దినములు అనధ్యయనములు. పెద్దపండుగ దసరా. పిల్లలు విల్లమ్ములు చేతబట్టి, పంతులుగారి వెంట ఇల్లిల్లును తిరిగి పద్యములు చదువగా, గృహస్థులు పంతులుగారికి కానుకయు పిల్లలకు పప్పుబెల్లములును పెట్టెడివారు. ఆ సెలవు బడిని ఊరికి దూరము చేయలేదు, ఊరి గడపగడపకును నడిపించినది. అంతమాత్రమున ఆ కాలమును పొగడ పనిలేదు. ఆ బడులలో ఆడపిల్లలు మిక్కిలి అరుదు. అంటరానివారని దూరముంచబడిన వారికి ప్రవేశమే లేకుండెను. 1823లో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ తన జిల్లాలోని 533 బడులను గూర్చి వ్రాసిన నివేదికలో, పేదరికముచేత జనులు పిల్లలను చదివింపలేకున్నారనియు, లేత చేతులు ఏ కొంచెము పనికి వచ్చినను ఆ సాయము ఇంటికి కావలసి వచ్చుచున్నదనియు తెలిపెను. ఆ మాట వ్రాసి రెండువందల యేండ్లు దాటినది.

ఎత్తివేయుట కూడదు గనుక మార్చవలెననువారు కొందఱు కలరు. వీరి వాదములో బలమున్నది. ఒక్క పంచాంగమును రాజధానిలో వ్రాసి రాష్ట్రమంతటికిని పంపుట తగదని వీరందురు. పని యన్నిచోట్లను ఒక్క నెలలో రాదు. డెల్టాలో నాట్లు జూలై, ఆగస్టులలో పడును. భద్రాచలము, ఆదిలాబాదు అడవులలో తునికాకు కోయునది ఏప్రిల్, మే నెలలలో. కర్నూలు జిల్లా పడమటి మండలములైన కోసిగి, మంత్రాలయము, పెద్దకడబూరు ప్రాంతముల కుటుంబములు పత్తితీతకును మిరపకోతకును గుంటూరు, పల్నాటి వైపు వలస పోవును. అక్కడ దానిని సుగ్గి యందురు. మిరపకోత సంక్రాంతికి అటునిటుగా అందుకొని వేసవి మొగమున ముగియును. అప్పుడు బడులు నడుచుచునే యుండును. బడి తెఱచియున్నపుడు పిల్లవాడు ఊరిలో లేడు; పిల్లవాడు మూటముల్లెతో తిరిగి వచ్చునప్పటికి బడికి తాళము. ఈ రెంటి నడుమ ఒక్కొక్క యేడు ఒక్కొక్క తరగతి జారిపోవును.

ఇతర ప్రాంతములలో సెలవులు కదలనివేమియు కావు. కాశ్మీరమున పెద్దసెలవులు మంచుకాలమున ఇత్తురు. వానలకు బడులు మాటిమాటికి మూతబడు కేరళమున, ఏప్రిల్, మే సెలవులను జూన్, జూలైలకు మార్చవచ్చునా యని 2025లో విద్యామంత్రియే ప్రజల యభిప్రాయము కోరెను. స్కాట్లండు దేశమున అక్టోబరులో బంగాళాదుంపలు త్రవ్వుటకు పిల్లలకు సెలవులిచ్చెడివారు. యంత్రములు వచ్చి పిల్లలు చేలు విడిచినను, ఆ అక్టోబరు సెలవులకు జనులు నేటికిని దుంపల పేరే పెట్టి పిలుచుచున్నారు.

ఈ చివరి దృష్టాంతమే ఆలోచింపజేయును. కోతకు సెలవు కలిపినచో ఆ సెలవు ఎవరిది? పిల్లవానిదా, చేనిదా? పనివారి కుటుంబమునకు మేలు చేయుదమని పంచాంగమును పైరుతో ముడివేసిన మఱుక్షణమే, పిల్లవానిని కూలీగా లెక్కించినట్లగును. ఇది ఊహ కాదు. సంకరజాతి పత్తి విత్తనపు చేలలో ఒక్కొక్క మొగ్గను సాయంకాలము చేతితో విప్పి కేసరములు తీయవలెను. మఱునాటి యుదయమున ఒక్కొక్క పూవునకు పుప్పొడి అంటించవలెను. కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో ఈ పనికి ఏండ్ల తరబడి ఆడపిల్లలను పెట్టిరి. వ్రేళ్లు సన్ననివి, ఎత్తు చాలును, కూలి తక్కువ. తల్లిదండ్రులు ముందే తీసికొన్న అప్పు ఆ పిల్లను చేనికి కట్టివేసెడిది. ఆ నెలలకు సెలవు కూడ ప్రకటించియున్నచో యజమానికి అంతకంటె కావలసినదేమి? 2016లో సవరించిన బాలకార్మిక చట్టము 14 ఏండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనరాదన్నది గాని, ప్రమాదకరము గాని ఇంటి పనిలోను కుటుంబ వృత్తిలోను బడివేళల తరువాతను సెలవులలోను సాయపడవచ్చునని మినహాయింపు నిచ్చినది. తండ్రి మగ్గము వద్ద కండె చుట్టుట సాయమే. కాని ఆ సాయము ఏ గంటకు ఆగవలెనో చూచు కన్ను ఆ యింట ఎవరికున్నది? చట్టములో సెలవులను మాట ఎంత యమాయకముగా కనబడినను, ఆ ద్వారమున దూరునది అమాయకమైనది కాకపోవచ్చును.

2020 మార్చిలో కరోనా వ్యాధిచేత బడులు మూతబడినపుడు, సెలవు పొడుగైనచో ఏమగునో దేశమంతయు చూచినది. ఫోను ఉన్న యింట పాఠము ఫోనులో వచ్చినది. లేని యింట పిల్లలు గొఱ్ఱెల వెంటను, ఇటుకబట్టీల వెంటను పోయిరి. మఱల బడి తెఱచిన నాడు అక్షరములు మఱచినవారుండిరి. కొందఱు ఆడపిల్లలకు అప్పటికే పెండ్లిండ్లు అయియుండెను. బడి పాఠము చెప్పుటయే కాక, పిల్లవానిని పదిమంది కన్నులయెదుట ఉంచు చోటని అప్పుడు తెలిసినది.

ఇక్కడనే దారి కొంత కనబడుచున్నది. పాఠమునకు సెలవు వేఱు, బడి తలుపునకు సెలవు వేఱు. మొదటిది ఉండవలెను. రెండవది ఉండనక్కఱలేదు. వేసవిలో ఉదయము ఏడు గంటలకు బడి యావరణ తెఱచి, నీడ, త్రాగునీరు, ఆటవస్తువులు, బొమ్మల పుస్తకములు, పదకొండు గంటలకు భోజనము ఉంచినచో చాలును. పరీక్ష లేదు, హాజరు లేదు, బెత్తము అసలే లేదు. వచ్చిన పిల్లవాడు వచ్చును, అమ్మమ్మ యూరికి పోయినవాడు పోవును. వంట చేయు స్త్రీకి ఆ రెండు నెలల వేతనము దక్కును. ఉపాధ్యాయులను ఇందులోనికి లాగరాదు. వేసవి సెలవులు కలవను కారణముననే ఆర్జిత సెలవులు వారికి తక్కువగా ఇచ్చుచున్నారు. జనగణన, ఎన్నికలు, పరీక్ష పత్రములు దిద్దుట వారి సెలవులను ఇప్పటికే కొఱుకుచున్నవి. ఊరిలో చదివి ఖాళీగానున్న యువతీయువకులకు కొంత పారితోషికమిచ్చి ఈ పని యప్పగింపవచ్చును. 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో ఎం. వి. ఫౌండేషనువారు బాలకార్మికులను బడికి తెచ్చుటలో పల్లె యువకుల చేతనే చాల పని చేయించిరి.

వలసపోవు కుటుంబములకు ఇది చాలదు. వారి పిల్లలు సొంతయూరిలోనే నిలుచుటకు సీజనల్ హాస్టళ్లు సుగ్గి మొదలు కాకమునుపే తెఱవవలెను. కుటుంబము బండి యెక్కిన తరువాత తెఱచిన హాస్టలు పిల్లలు లేని హాస్టలే. తల్లితో పాటు పోయిన పిల్లను పనిచేయు నూరి బడిలో చేర్చుకొనుటకు వెనుదీయరాదు. వలస కుటుంబముల పిల్లలను చేర్చుకొనుట స్థానిక సంస్థ విధియని విద్యాహక్కు చట్టమున 9వ విభాగమే చెప్పుచున్నది.

ఆ 9వ విభాగముననే మఱొక వాక్యము కలదు. బడి యేటి పంచాంగమును నిర్ణయించుట స్థానిక సంస్థ పని. పాఠశాల యాజమాన్య సంఘములో నూటికి 75 మంది తల్లిదండ్రులే యుండవలెననియు, సభ్యులలో సగము స్త్రీలనియు అదే చట్టము చెప్పినది. అనగా ఎండలు ముదురకముందు ఏ వారము సెలవు, నాట్ల నాడు బడి ఏ గంటకు, అన్న విషయములలో కలుపుతీయు తల్లి మాటకు చట్టమే విలువ నిచ్చినది. ఆచరణమున పంచాంగము ఇప్పటికిని పైనుండియే దిగుచున్నది, సంఘము సంతకములకే కూడుచున్నది. సంఘమునకు పిలుపు వచ్చునది తరచుగా పగటివేళ. ఆ వేళ ఆ తల్లి పొలములో నుండును. చీకటిపడిన తరువాత ఒక్కనాడు కూడినచో ఎవరికి నష్టము?

తల్లుల పనిని తలచుకొని వ్రాసిన చట్టములలో కూడ ఒక ఖాళీ కనబడును. 2005 నాటి ఉపాధి హామీ చట్టము, పనిచోటికి ఆఱేండ్లలోపు బిడ్డలు అయిదుగురు గాని అంతకు మించి గాని వచ్చినచో వారిని చూచుటకు ఒక స్త్రీని నియమింపవలెనని చెప్పెను. ఏడేండ్ల పిల్లవాని మాట అందు లేకుండెను, ఏలయన వాడు బడిలో నుండునని తలంపు. మట్టిపనులు ముమ్మరముగా సాగునది ఏప్రిల్ మొదలు జూన్ వఱకు. బడి మూసియుండునదియు అప్పుడే. చెఱువులలోను, కాలువలలోను, నీరు నిలిచిన క్వారీ గోతులలోను పిల్లలు మునిగిపోయిరను వార్తలు ప్రతి వేసవియందును పత్రికలలో కనబడుట ఇందువలననే కాబోలు.

గ్రంథాలయమునకు ఇందులో పనియేమి యని అడుగవచ్చును. జిల్లా గ్రంథాలయ సంస్థలు వేసవి శిబిరములు జరుపుచునే యున్నవి. కాని ఎక్కువ చోట్ల పఠనమందిరము ఉదయము ఎనిమిది మొదలు పదకొండు వఱకును, సాయంకాలము నాలుగు మొదలు ఏడు వఱకును తెఱచియుండును. నడుమనున్న అయిదు గంటలు వేసవిలో పిల్లవాడు చెఱువునకు పోవు గంటలు. ఆ గంటలలో పుస్తకములు బీరువాలో భద్రముగా నుండును, వరండాలో నీడ యుండును, గేటుకు తాళముండును.

బడి తెఱచుటకు ప్రభుత్వపు ఉత్తరువు కావలెను. గ్రంథాలయపు గేటు మధ్యాహ్నము తెఱచుటకు ఒక కుండ చల్లని నీరు, నాలుగు చాపలు, వంతులవారీగా ఒకపూట కూర్చుండు పెద్దమనిషి చాలును. ఊరిలో ఉద్యోగ విరమణ చేసినవారు, బీడీలు చుట్టుకొనుచునైనను అక్కడ కూర్చుండగల స్త్రీలు ఉందురు. ఈ వేసవికి ముందే వారి పేర్లు వ్రాసికొనుటకు గ్రంథపాలకుని బల్లమీద ఒక పుస్తకము పెట్టియున్నది. సభ ముగిసిన తరువాత వీలైనవారు వారమున ఏ దినము తమదో అందులో వ్రాయవచ్చును.