సివిక్స్ మిగిలిపోయిన సబ్జెక్టు కాదు

(పంజాగుట్టలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిచి చూడండి. ఎక్కడ చూసినా కోచింగ్ బోర్డులే. ఊళ్ళనుంచి వచ్చిన మన పిల్లలు హాస్టల్ గదుల్లో ఇరుక్కుని గ్రూప్స్‌కు చదువుతున్నారు. వాళ్ళ చేతిలో ‘పాలిటీ’ పుస్తకం. అందులో ఏముంది? ప్రాథమిక హక్కులు, ఆదేశిక సూత్రాలు, పార్లమెంటు, పంచాయతీరాజ్. ఇంటర్ సివిక్స్‌లో ఉన్నదీ ఇదే కదా!

పదో తరగతి పాసైన పిల్ల సి.ఇ.సి., హెచ్.ఇ.సి. తీసుకుంటానంటే ‘లెక్కలు రావా?’ అని నవ్వుతున్నాం. ఊళ్ళో వద్దన్న చదువునే పట్నమొచ్చి, అప్పుచేసి, ఫీజు కట్టి కొంటున్నాం. మన పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు కావాల్సిందే. కాని సివిక్స్‌ను చులకన చేస్తే నష్టపోయేది మనమే. భూమి ఉన్నోడికి చట్టం తెలవకపోయినా వకీలు దొరుకుతడు. మనకు చట్టమే ఆస్తి.

ఒక్క ముచ్చట చూడండి. వాడలో దాడి జరిగింది. స్టేషన్‌కు పోతే ‘రేపు రండి’ అన్నారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో 4వ సెక్షన్ ఏమంటోంది? నోటితో చెప్పిన ఫిర్యాదును రాసి, చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలి. కాపీ వెంటనే ఇవ్వాలి. ఎస్.సి., ఎస్.టి. కాని అధికారి కావాలని ఈ పని ఎగ్గొడితే 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు. ఈ నాలుగు మాటలు తెలిసిన ఇంటర్ పిల్ల వెంట ఉంటే మన ముసలాయన ఉత్తచేతులతో తిరిగొస్తడా?

అయితే మార్కుల కోసమే చదివితే లాభం లేదు. అంటరానితనం రద్దని 17వ అధికరణం 1950 నుంచీ చెబుతూనే ఉంది. అయినా 1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగాయి. పుస్తకానికీ ఊరికీ మధ్య ఇంత దూరం ఎందుకుందని అడగడమే అసలు సివిక్స్. 243డి అధికరణం పంచాయతీల్లో మనకు జనాభాను బట్టి సీట్లిచ్చింది. కాని సర్పంచ్ కుర్చీ మనదైనా, పెత్తనం పక్కనున్నోడిదైతే అది రాజ్యాధికారం కాదు.

బాబాసాహెబ్‌కు ఈ సంగతి తెలుసు. రాజ్యాంగం రాసి ఊరుకోలేదు. రాజకీయాల్లోకి వచ్చేవాళ్ళకు పాఠాలు చెప్పేందుకు 1956లో బొంబాయిలో ఒక బడే పెట్టాడు. పాలించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని ఆయన చెప్పినట్టు.

కనుక తల్లులారా, తండ్రులారా! సివిక్స్ తీసుకుంటానన్న బిడ్డను ఆపకండి. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీరు చదివిన పాఠాన్ని వారానికొక రాత్రి వాడలో అందరికీ చదివి చెప్పండి. గ్రామసభ పెట్టిన రోజు ఆ పుస్తకం పట్టుకుని ముందు వరుసలో కూర్చోండి. లెక్కలు అడగండి.

జై భీమ్!